వేల్సు జాతి భాండాగారము

రాజ్యము పోయిన జాతి మరల లేచి నిలువవచ్చును. స్మృతి పోయిన జాతికి మాత్రము పునర్జన్మము లేదు. కోటలు కూలును, కొలువులు చెదరును. అయినను తల్లి తొట్టె నూచుచు పాడిన పాట యొకటి, పండుగనాడు ఆడిన ఆట యొకటి, గోడకు వ్రేలాడిన పటమొకటి మిగిలియున్నంతకాలము ఆ జాతి తన్ను తాను గుర్తుపట్టగలదు. అవియు మాసిపోయిననాడు, పరులు వ్రాసిపెట్టిన చరిత్రమునే తన చరిత్రమని చదువుకొనవలసిన దుర్గతి దానికి పట్టును. ఇది భావావేశమున అనుచున్న మాట కాదు. దీనికి నిదర్శనము ఇంగ్లండునకు పడమటి సరిహద్దునే యున్నది. అది వేల్సు దేశము.

వేల్సు చిన్న దేశము. 2021 జనాభా లెక్కల ప్రకారము అచటి ప్రజలు సుమారు 31 లక్షలమంది. అనగా మన హైదరాబాదు నగర జనసంఖ్యలో సగమైనను లేరు. వారిలో వెల్షు భాష మాటలాడగలవారు 5 లక్షల 38 వేలమంది మాత్రమే. 1536లో ఎనిమిదవ హెన్రీ కాలమున వెలువడిన చట్టము ఆ దేశమును ఇంగ్లండులో కలిపివేసి, న్యాయస్థానములలో ఇంగ్లీషును ప్రతిష్ఠించి, వెల్షు మాత్రమే వచ్చినవానికి సర్కారు కొలువున చోటు లేకుండ చేసెను. అట్టి జాతి, అయిదువందల యేండ్లు ప్రబలరాజ్యపు ప్రక్కలో పడుకొనియు, నేటికిని తన పేరుతోనే బ్రదుకుచున్నది. ఎట్లు బ్రదికెనన్నది విచారింపదగిన విషయము.

సర్కారువారు వ్రాసిన రికార్డు ఎట్టిదో ముందుగా చూతము. 1847లో బ్రిటిష్ ప్రభుత్వము వేల్సులోని విద్యాస్థితిని పరీక్షించుటకు ముగ్గురు విచారణాధికారులను పంపి, వారి నివేదికలను ప్రకటించినది. ఆ ముగ్గురిలో ఒక్కనికిని వెల్షు భాష రాదు. అయినను ఆ భాషయే ప్రజల అభివృద్ధికి అడ్డమనియు, ఆ ప్రజల నీతివర్తనము హీనమనియు వారు తీర్పు వ్రాసిరి. నీలిరంగు అట్టలలో వెడలిన ఆ సంపుటములు దేశమంతట ఆగ్రహాగ్నిని రగిల్చినవి. 1854లో ఆర్. జె. డెర్ఫెల్ అను కవి దీనిని గూర్చి యొక నాటకమును వ్రాసి, దానికి 'నీలిపుస్తకముల ద్రోహము' అని యర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పేరే జాతి నాలుకపై నిలిచినది. నేటికిని ఆ యుదంతమును వేల్సు ప్రజలు ఆ నాటకపు పేరుతోనే పిలుచుచున్నారు. ఆలోచింపుడు: ప్రభుత్వము మూడు సంపుటములలో అచ్చొత్తించిన తీర్పును ఒక నాటకకర్త పెట్టిన పేరు కొట్టివేసినది! కళ జాతికి సాక్షి యనుట ఇందువలననే.

అయితే సాక్షి యుండిన చాలదు, సాక్షిని కాపాడవలయును. ఆ మర్మమును వేల్సువారు గ్రహించిరి. 1872లో ఆబెరిస్ట్విత్ అను సముద్రతీరపు చిన్న పట్టణమున కళాశాల వెలసినపుడు సామాన్యజనుల చిల్లర చందాలే దానిని నిలబెట్టినవి. తరువాత జాతికి సొంత గ్రంథాలయము, సొంత చిత్రవస్తుశాల కావలెనను ఆందోళనము బయలుదేరి, 1907లో రెండింటికిని రాజశాసనములు లభించినవి. వస్తుశాల కార్డిఫ్ నగరమునకును, గ్రంథాలయము ఆబెరిస్ట్విత్‌నకును దక్కినవి. రాజవైద్యుడైన సర్ జాన్ విలియమ్సు జీవితకాలమంతయు కూర్చిన వ్రాతప్రతులను, గ్రంథాలయము ఆబెరిస్ట్విత్‌లోనే నెలకొనవలెనను షరతుపై జాతికి సమర్పించెను. ధనవంతుడు తన సంపాదనను జాతిసొత్తుగ మార్చుట ఇట్లుండవలదా? రెండవ ప్రపంచయుద్ధమున లండనుపై బాంబులు కురియుచుండగా, బ్రిటిష్ మ్యూజియమువారు తమ అమూల్యవస్తువులనేకములను దాచుకొనుటకు ఈ కొండమీది భవనమునే శరణుజొచ్చిరి. ఏ జాతికి భాషయే ప్రతిబంధకమని లండను తీర్పు చెప్పినదో, ఆ జాతి కట్టుకొన్న ఇంటిలోనే లండను సంపద తలదాచుకొన్నది!

ఇక సంగీతమును గూర్చి. ఆంగ్లెసీ ద్వీపవాసియైన రాబర్ట్ ఆప్ హ్యూ అను వైణికుడు సుమారు 1613 ప్రాంతమున ఒక పుస్తకమును వ్రాసికొనెను. అందు మధ్యయుగమున వేల్సు ప్రభువుల సభలలో హార్పుపై వాయించిన సంగీతము అక్షరసంకేతములతో లిఖింపబడియున్నది. అంత ప్రాచీనమైన హార్పు సంగీతలేఖనము ఐరోపాలో మరియొకటి కానరాదు. అతడు వ్రాయునాటికే ఆ సంగీతమునకు పోషకులు తరిగిపోయిరి; ప్రభువులు లండనుకు చేరి ఇంగ్లీషు దొరలైరి. ఆ పుస్తకము చేతులు మారి మారి తుదకు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున చిక్కుకొని, నేటికిని అచటనే యున్నది. 1936లో వేల్సు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు దాని ప్రతిబింబమును అచ్చొత్తించిరి. అయినను దానిని వాయించువిధము గూర్చి పండితులలో నేటికిని వాదము తీరలేదు. అక్షరము మిగిలినది, చేతి కదలిక పోయినది. గురువునుండి శిష్యునకు వచ్చు పరంపర తెగినపుడు కాగితము సగము మాటయే చెప్పగలదు.

తెలుగువారికి ఈ దుఃఖము క్రొత్తది కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి, తిరుమల భాండారమున శతాబ్దములు నిద్రించి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. ప్రతి పాటకును రాగము పేరున్నది. ఆయన పాడిన వరుస మాత్రము దక్కలేదు. అచట సంకేతమున్నను చదువుట రాదు. ఇచట సాహిత్యమున్నను స్వరము లేదు. రెండింటియందును తెగినది పరంపరయే.

అయినను వేల్సువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1742లో జాన్ ప్యారీ యను అంధ వైణికుడు ప్రాచీన సంగీతమును కొంత ప్రకటించెను. 1784లో ఎడ్వర్డు జోన్సు వెల్షు గాయకుల సంగీత కవితాశేషములను అచ్చొత్తించెను. అదే 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి సంస్కృతమును పాశ్చాత్యులకు పరిచయము చేసిన సర్ విలియం జోన్సు తండ్రి కూడ ఆంగ్లెసీ ద్వీపవాసియే. ఒక జోన్సు పరజాతి విద్యను త్రవ్వుచుండగా మరియొక జోన్సు సొంత యింటి నేలను త్రవ్వెను. మొదటివాని పేరు మన పాఠశాల బాలురకు సయితము తెలియును. రెండవవానిని వేల్సు వెలుపల ఎరిగినవారరుదు. 1844లో మరియా జేన్ విలియమ్సు అను విదుషి గ్వెంట్, మోర్గాన్వగ్ ప్రాంతముల పాటలను గ్రంథముగ వెలువరించెను. 1906లో జానపదగేయ సంఘము స్థాపితమైనది. రూత్ హెర్బర్ట్ లూయిస్ అను సభ్యురాలు ఫోనోగ్రాఫు యంత్రమును వెంటబెట్టుకొని పల్లెలు తిరిగి, వృద్ధుల కంఠములనుండి పాటలను మైనపు గొట్టములపైకి ఎక్కించుకొన్నది. పండితుడు పుస్తకములలో వెదకినది ఆమెకు పల్లెల ముంగిళ్లలో దొరికినది.

సజీవ పరంపర బలమును చూపుటకు మరియొక నిదర్శనము చాలును. మూడు వరుసల తంత్రులుగల హార్పు వేల్సునకు ప్రియమైన వాద్యము. మర్యాదగల కుటుంబములు దానిని విడిచిన దినములలో, దేశద్రిమ్మరులని అందరిచే తూలనాడబడిన జిప్సీ వైణికులు దానిని భుజమున మోసి నిలిపిరి. వారి బాణీని అందుకొన్న నాన్సీ రిచర్డ్సు (1888–1979) తన జీవితకాలములో దానిని క్రొత్త తరమునకు అందించెను. జాతి సొత్తును కాపాడువాడు ఎల్లపుడు పెద్దకులమువాడే కానక్కరలేదు.

రంగస్థలమునకు వచ్చునప్పటికి మరింత చేదు నిజమును మ్రింగవలసియుండును. ఇచట శత్రువు లండను మాత్రమే కాదు; ఇంటిలోనివారును శత్రువులైరి. పదునెనిమిదవ శతాబ్దమున తూమ్ ఒర్ నాంట్ అను ప్రజానాటకకర్త సంతలలోను సత్రపు ముంగిళ్లలోను బండిపలకలపై నిలిచి, భూస్వాములను, న్యాయవాదులను, మతగురువులను ఎగతాళి చేయుచు పద్యనాటకములాడెను. మతోద్ధారకులకు అది పాపముగ తోచినది. ఫిడేలు పాపము, నృత్యము పాపము, వేషము పాపము! ప్రార్థనామందిరములు చదువు నేర్పినవి, బృందగానము నేర్పినవి, భాషను కాపాడినవి. ఆ యుపకారమును మరువరాదు. కాని అవియే తరతరముల ఆటలను పాటలను పల్లెలనుండి వెడలగొట్టినవి. 1887లో కూడ కాల్వినిస్ట్ మెథడిస్టుల మహాసభ కోర్వెన్ పట్టణమున నాటకములను ఖండించుచు తీర్మానము చేసినది. కాలచక్రము తిరిగి, ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున అవే ప్రార్థనామందిరముల అనుబంధశాలలు ఊరూర నాటకసమాజములకు రంగస్థలములైనవి! ఈ లోపల పోయిన యాటల కెవరు బాధ్యులు? సంస్కరణపు చీపురుతో చెత్తను ఊడ్చువారు అందులో ముత్యములున్నవేమో చూడవలదా?

ఆధునిక వెల్షు నాటకకర్తలలో అగ్రగణ్యుడు సాండర్స్ లూయిస్. పెన్నబెర్త్ అనుచోట ప్రాచీన గృహమును పడగొట్టి ప్రభుత్వము బాంబుల శిక్షణకేంద్రమును కట్టుటను నిరసించి, 1936లో ఆయన మరి యిద్దరు మిత్రులతో కలిసి దానికి నిప్పంటించి, తామే పోలీసుస్టేషనుకు పోయి చెప్పుకొనిరి. కార్నార్వన్‌లోని జూరీ ఏకాభిప్రాయమునకు రాకపోగా, విచారణ లండనుకు మార్పబడి, ముగ్గురికిని తొమ్మిది నెలల శిక్ష పడినది. ఆయన అధ్యాపకపదవియు ఊడినది. విచారణకై వేచియున్న దినములలో ఆయన వ్రాసిన రేడియో నాటకము 'బుఖెద్ గార్మన్' 1937 మార్చి నెలలో ప్రసారమైనది. కర్త అప్పటికి చెరసాలలోనున్నాడు! వినిన చెవులు కాలగర్భమున కలియును, వ్రాతయే నిలుచును. మనదేశమున రాజద్రోహనేరముపై జైళ్లకేగి, అచట గ్రంథములు వ్రాసికొన్న మహనీయులను ఎరిగిన పాఠకులకు ఈ వృత్తాంతమును వ్యాఖ్యానింప నక్కరలేదు.

నాటకము ఆడుచున్నంతసేపే నాటకము. తెర పడిన వెనుక మిగులునది కరపత్రము, వేషపు పట్టిక, ఛాయాపటము, నటుడు పెన్సిలుతో గుర్తులిడుకొన్న ప్రతి. 1981లో ఆబెరిస్ట్విత్‌లో వెలసిన బ్రిథ్ గోవ్ అను సమాజము 1988లో కార్డిఫ్‌లోని పాడుబడిన మోటారుకార్ల ఫ్యాక్టరీలో 'గొదోదిన్' అను ప్రదర్శన మిచ్చినది. ప్రాచీనవీరుల పరాజయగాథను, మూతపడిన కర్మాగారమున, పని పోయిన ప్రజల యెదుట ఆడిరి. 2011 ఈస్టరు పండుగనాళ్లలో పోర్ట్ టాల్బట్ పట్టణమున మూడు దినములు వీధులే రంగస్థలముగ, ఊరివారే పాత్రధారులుగ 'ది ప్యాషన్' జరిగినది. దానిని జరిపిన నేషనల్ థియేటర్ వేల్స్ సంస్థకు 2023లో ఆర్ట్స్ కౌన్సిలు ద్రవ్యసహాయము నిలిపివేయగా, 2024 చివర అది తన వ్యవహారమును ముగించినది. సంస్థలే ఇట్లు పోవుచుండ, వాని కాగితములనైన దాచకున్నచో ముందుతరమునకు ఏమని చెప్పగలరు?

చిత్రకళ విషయమున వేల్సునకు తగిలిన గాయము వేరు రకమైనది. "పాడుట మీకు వచ్చును, మాటలాడుట మీకు వచ్చును, చిత్రకళ మీ జాతికి లేదు" అను భావము ఇంగ్లీషు విమర్శకులలో మాత్రమే కాక వేల్సువారి మనస్సులలోను పాతుకొనిపోయినది. పరుడు పెట్టిన కొలతతో తన్ను తాను కొలుచుకొనువాడు ఎప్పుడును పొట్టివాడే. లండను అకాడమీ కొలతకు నిలుచు మహాచిత్రములు లేవని చెప్పి, ఉన్నవానిని చూడకుండుట ఏమి న్యాయము? హ్యూ హ్యూస్ (1790–1863), విలియం రూస్ వంటి చేతిపని చిత్రకారులు ఊరూర తిరిగి బోధకులను, వర్తకులను, రైతుకుటుంబములను చిత్రించిరి. ఈ పటములు ఇండ్ల గోడలపైనను, అటకలపైనను పడియుండినవి. పీటర్ లార్డు అను పండితుడు వానిని వెదకి కూర్చి, 1998 మొదలు 2003 వరకు మూడు సంపుటములలో వేల్సు దృశ్యసంస్కృతిని లోకమునకు చూపెను. అంతటితో 'లేదు' అన్న మాటకు నోరు పడిపోయినది. తర్కముతో కాదు, పటముతో!

జాన్ థామస్ (1838–1905) అను ఛాయాగ్రాహకుడు వేల్సు మూలమూలలకు పోయి బోధకులనే కాక, ముసలివారిని, గనిపనివారిని, సంతలను, వీధులను గాజుపలకలపై బంధించెను. ఓ. ఎం. ఎడ్వర్డ్సు అను పత్రికాసంపాదకుడు అందు 3,000కు పైగా పలకలను కొని దాచెను. అవి నేడు జాతీయ గ్రంథాలయమున నున్నవి. సాటి పత్రికావృత్తివారమగుటచే మేము ఈ విషయమును విశేషించి పేర్కొనుచున్నాము. అటులనే, లివర్‌పూల్ నగరమునకు నీరిచ్చుటకై కాపెల్ కెలిన్ అను గ్రామము 1965లో జలాశయమున మునిగినది. వేల్సు ప్రతినిధులు ప్రతిఘటించినను పార్లమెంటు వినలేదు. ఆ గ్రామపు బడిని, గుడిని, తుది దినములను జెఫ్ చార్లెస్ తీసిన ఛాయాపటములు నిలిపియున్నవి. ఊరు నీటి క్రింద నున్నది. ఊరి ముఖము మాత్రము మునుగలేదు.

ఇచట ఒక హెచ్చరిక చేయకున్నచో మేము సత్యమునకు ద్రోహము చేసినవారమగుదుము. జాతీయాభిమానము కొందరిని కల్పనకు పురికొల్పును. ఇయోలో మోర్గాన్వగ్ (1747–1826) మహామేధావి. పల్లెపాటలను ప్రజల నోటినుండి సేకరించినవారిలో మొదటితరమువాడు. కాని అతడే తాను కల్పించిన పద్యములను, శాస్త్రములను ప్రాచీనములని ప్రకటించి, తరములపాటు పండితులను మోసపుచ్చెను. ఆ మోసమును ఇరువదవ శతాబ్దమున బయలుపరచినవాడు పరదేశీయుడు కాడు. గ్రిఫిత్ జాన్ విలియమ్సు అను వెల్షు పండితుడే. అతనికి సాధనమైనవి ఇయోలో విడిచిపోయిన కాగితములే; అవి నేడును జాతీయ గ్రంథాలయమున పదిలముగ నున్నవి. తన మోసగానిని కూడ దాచి, అతని పుణ్యమును పాపమును రెండింటిని తూకము వేయగల జాతియే స్వరాజ్యమునకు అర్హమైన జాతి. ప్రాచీనవైభవమును కల్పించుకొనువాడు జాతికి మిత్రుడు కాడు.

ఈ భాండాగారములు నేడు నిశ్చింతగ నున్నవా? లేవు. 2013 ఏప్రిలులో ఆబెరిస్ట్విత్ గ్రంథాలయపు పైకప్పు నిప్పంటుకొనగా అదృష్టవశమున గొప్ప నష్టము తప్పినది. 2021లో ధనాభావముచే అచట సుమారు 30 ఉద్యోగములు పోవునను వార్త పుట్టగా, వేలకొలది ప్రజలు మహజరుపై సంతకములు చేసిరి. వేల్సు ప్రభుత్వము అదనపు ద్రవ్యమిచ్చినది. 2024లో జాతీయ వస్తుశాలలలో కనీసము 90 ఉద్యోగములు తగ్గింపవలసివచ్చినది. కార్డిఫ్ భవనపు కప్పు కారుచున్నదనియు, మరమ్మతు లేకున్న మూయవలసివచ్చుననియు అధికారులే వాపోయిరి. 1999 మొదలు వేల్సునకు సొంత శాసనసభ యున్నది. కావున నేడు నింద నంతయు లండనుపై మోపుటకు వీలులేదు.

"ఆసుపత్రులకు చాలని సొమ్మును పాత కాగితములకు పోయుదురా?" అని యడుగువారున్నారు. ప్రశ్న తేలికది కాదు. రోగి ప్రాణముకంటె పటము ఎక్కువయని మేమనము. కాని ఆసుపత్రిలో ఒక యేడు తగ్గిన వ్యయమును మరుసటి యేడు పూరింపవచ్చును. మైనపు గొట్టము బూజుపట్టి చెడినచో, ఆ వృద్ధురాలు మరల బ్రదికివచ్చి పాడదు. పైగా రెండు వ్యయములు తూగునవి కావు. వైద్యమునకు పోవు ధనరాశిలో భాండాగారముల పాలు ఏపాటిది? పేదవాడు సయితము తన తాత పటమును అమ్ముకొని కూడు తినుటకు సిగ్గుపడును. జాతికి ఆ సిగ్గు లేకుండుట ఎట్లు?

వేల్సు వృత్తాంతమును ఇంత విపులముగ చెప్పుట వారిని మెచ్చుకొనుటకు మాత్రమే కాదు. కోట్లకొలది జనులున్న భాషకు చావు లేదను ధీమాతో మనము నిద్రపోవుచున్నాము. సంఖ్య రక్షింపదు, శ్రద్ధ రక్షించును. మీ యూరి నాటకసమాజపు పాత కరపత్రములు ఎవరి అటకపై నున్నవి? హరికథకుని స్వరపుపుస్తకమును అతని మనుమడు ఏ చిత్తుకాగితముల వర్తకునకు తూచి యిచ్చినాడు? తోలుబొమ్మలాటవాని బొమ్మలు ఏ దేశపు ధనికుని గోడకు చేరినవి? ఈ పత్రికను చదువుకొను ప్రతి పఠనమందిరమునందును ఒక బీరువా, ఒక పట్టిక, ఒక శ్రద్ధాళువు ఉన్నచో చాలును, రాజశాసనమక్కరలేదు. వేల్సు భాండాగారము మొదట ఒక వైద్యుని బీరువాలో పుట్టినది. ఒక స్త్రీ చంకనిడుకొన్న యంత్రమున పెరిగినది.

పోయినదానికై ఏడ్చుటకు మనకు కవులెందరో యున్నారు. ఉన్నదానిని చీటికట్టి, దుమ్ము దులిపి, తాళము వేసి, అడిగినవానికి తీసి చూపువారు కావలయును. ఆ పనికి పూనుకొనువాడే నేటి దేశభక్తుడు.